తొక్కండక్కా, ఇంకా గట్టిగా

లాంబోర్గిని నడపడం కోసం నేను మొదట కొన్నది ఒక జత గుడ్డ బూట్లు. అడుగు పల్చగా ఉండాలి, మడమ ఎత్తుగా ఉండకూడదు, వేళ్లు బయటికి కనబడకూడదు అని నిర్వాహకులు పంపిన కాగితంలో రాసి ఉంది. ఇరవై రెండేళ్లుగా కారు నడుపుతున్నాను, కాళ్లకు ఏదైనా తొడుక్కుని ఎన్నడూ నడపలేదు. చెప్పులు విడిచి పక్క సీటు కింద పెట్టుకోవడం నాన్న దగ్గర అబ్బిన అలవాటు. నెల్లూరు నుంచి మద్రాసుకు ముప్పై ఏళ్లకు పైగా బియ్యం లారీ నడిపిన మనిషి ఆయన. పెడలు చెప్పే మాట అరికాలికి వినబడాలి అనేవారు.

ఆయనకు ఇంకో సిద్ధాంతం ఉంది. బ్రేకు తొక్కేవాడు డ్రైవరు కాడు, తొక్కే అవసరం రాకుండా నడిపేవాడే డ్రైవరు. ముందున్న బండి, దాని ముందున్న బండి, అల్లంత దూరాన రోడ్డు దాటాలా వద్దా అని ఆలోచిస్తున్న గేదె, అన్నీ గమనించుకుంటూ ముందే కాలు ఎత్తేయాలి. ఘాట్ రోడ్డులో ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. నేను నేర్చుకున్నది ఈ విద్యే. సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ మెకానిక్ బ్రేకు ప్యాడ్లు చూసి, "ఇవి ఇంకో ఏడాది వస్తాయి మేడం" అంటాడు. నా మట్టుకు అది ప్రశంసాపత్రం.

ఇంతటి పొదుపరిని సూపర్‌కారు దాకా తీసుకెళ్లింది చీటీ డబ్బు. మా స్కూల్లో టీచర్లం వేసుకునే చీటీ ఈసారి నాకు ఆఖరిదాకా మిగిలింది. పాట లేకుండా పూర్తి మొత్తం చేతికొచ్చింది. దానిలో ఇంటి ఖర్చుకు పోగా మిగిలినదానితో కమ్మలు చేయించుకోమని మా అత్తగారు అన్నారు. నేను చెన్నై శివార్లలో రేసు ట్రాక్ మీద లాంబోర్గిని హురకాన్ నడిపించే ఒక సంస్థకు కట్టేశాను. రెండు విడతలు, విడతకు ఐదు చుట్లు, పక్కన శిక్షకుడు. ఇంట్లో ఈ సంగతి చెప్పిన సాయంత్రం ఎవరూ సరిగ్గా భోజనం చేయలేదు. నాన్న ఒక్కరే, "నేనూ వస్తాను" అన్నారు.

ఆయన రావడానికి కారణం ఉంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో మొదలైంది. ఇరుంగాట్టుకోట్టైలో నేను నడపబోయే ఈ సొంత ట్రాక్ రాకముందు, 1980ల చివరిదాకా, వాళ్ల పందేలు షోలవరంలో జరిగేవి. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. షోలవరం ఉన్నది నెల్లూరు నుంచి మద్రాసు వచ్చే దారిలోనే. పందేల రోజుల్లో రోడ్డు పక్కన జనం, బండ్లు, ధూళి. నాన్న తన లేలాండ్ కామెట్ లారీని చింతచెట్టు కింద ఆపి, క్లీనరును కాపలా పెట్టి, గంటసేపు నిలబడి చూసి వచ్చేవారట. లోడు ఆలస్యమైతే టైరు పంచరైందని చెప్పేవారట. ఈ చివరి ముక్క నాకు ఇన్నాళ్లకు, ఆ రోజు ఉదయం పూందమల్లి దాటుతుండగా తెలిసింది.

ఇరుంగాట్టుకోట్టై అంటే హ్యుందాయ్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు, శ్రీపెరుంబుదూరుకు కాస్త ఇవతల, బెంగళూరు హైవే మీద. ట్రాక్‌ను ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. పూర్తి చుట్టు 3.717 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. మలుపులకు పేర్లు లేవు, సీ1, సీ2 అని అంకెలే. ఫార్ములా వన్‌లో పోటీ చేసిన ఇద్దరు భారతీయులూ, నరైన్ కార్తికేయన్, కరుణ్ చందోక్, తమిళనాడు వాళ్లే. కరుణ్ తాతగారు ఇందు చందోక్ ఆ క్లబ్ వ్యవస్థాపకుల్లో ఒకరు. ఈ విశేషాలన్నీ చెబితే నాన్న తలూపి, "కాంటీను ఉందా?" అన్నారు.

ముందు కాగితాలు. లైసెన్సు చూపించాను. ప్రాణానికి, ఒంటికి, బండికి ఏం జరిగినా బాధ్యత నాదే అని ఐదు చోట్ల సంతకం. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మన మామూలు మోటారు బీమా పందేలకు, వేగ పరీక్షలకు వర్తించదు. పాలసీ కాగితం వెనకవైపు చిన్న అక్షరాల్లో అది రాసే ఉంటుంది, మనం చదవం. సొంత కారుతో ట్రాక్ మీదికి వచ్చేవాళ్లు అది చదివి రావడం మంచిది. మాలాంటి అద్దె డ్రైవర్ల దగ్గర నిర్వాహకులు పూచీకత్తుగా చెక్కు తీసుకుంటారు. ఆ చెక్కు మీద అంకె రాస్తున్నప్పుడు నా చేయి వణికింది. కారులో కూర్చున్నాక వణకలేదు.

తర్వాత గంటన్నర ఎదురుచూపు. ఏడున్నరకు అన్న పాఠం తొమ్మిదికి మొదలైంది. ఎందుకో ఎవరూ చెప్పలేదు, క్షమాపణ కూడా లేదు. హెల్మెట్లు నాలుగు సైజుల్లో ఉన్నాయి. నా జడ పట్టే సైజు ఒక్కటీ లేదు. చివరికి జడ విప్పి, మెడ దగ్గర ముడి వేసి, తలకు పల్చటి గుడ్డ తొడుగు వేసుకుని, నాకంటే ముందు ఎవరో ధారాళంగా చెమట కార్చిన హెల్మెట్‌లో తల దూర్చాను.

పాఠం మాత్రం బాగా చెప్పారు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, ఎవరినీ దాటకూడదు. నీలం అయితే వెనక వేగంగా వచ్చే బండి ఉంది, దారివ్వాలి. ఎరుపు అయితే అందరూ నెమ్మదించి పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోటికి, వచ్చేయాలి. నల్లజెండా మనకే చూపిస్తే మనం ఏదో వెధవ పని చేశామని అర్థం. దాటడం తిన్నని దారిలోనే, మలుపులో కాదు. కూర్చోవడం కూడా నేర్పారు. వీపు సీటుకు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగు పైభాగాన్ని తాకాలి. బ్రేకు పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి. ఇన్నేళ్లుగా నేను స్టీరింగుకు ఒక అడుగు ఎక్కువ దగ్గరగా కూర్చుంటున్నానని అక్కడ తెలిసింది.

మా శిక్షకుడు పెరంబూరులో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు. ఆ తెలుగులో సగం తమిళపు ఊపు. నన్ను చూడగానే "అక్కా" అన్నాడు, నాన్నను "పెద్దాయనా" అన్నాడు. మొదట తన మామూలు సెడాన్‌లో రెండు చుట్లు నెమ్మదిగా తిప్పి, దారి పొడవునా పెట్టిన రంగు కోన్‌లు చూపించాడు. ఇక్కడ బ్రేకు, ఇక్కడ తిప్పడం, ఇది మలుపు లోపలి అంచు, ఇక్కడికి బయటికి రావాలి. నేను నోట్సు రాసుకుంటుంటే నవ్వాడు. టీచర్ల వ్యాధి అని చెప్పాను.

ఇక కారు. హురకాన్ 2014లో వచ్చింది. వెనక 5.2 లీటర్ల, పది సిలిండర్ల వీ10 ఇంజను, 610 గుర్రాల బలం, టర్బో ఏమీ లేదు. సున్నా నుంచి వందకు 3.2 సెకన్లు. పేరు 1879లో స్పెయిన్‌లో పోరాడిన ఒక ఎద్దుది. నాన్నకు ఇవేవీ పట్టలేదు. ఈ కంపెనీ పెట్టిన ఫెరుచ్చియో లాంబోర్గిని ముందు ట్రాక్టర్లు తయారుచేసేవాడనీ, కార్లు 1963లో గానీ మొదలుపెట్టలేదనీ చెప్పినప్పుడు మాత్రం ఆయన ముఖంలో ఒక గౌరవం కనిపించింది. చుట్టూ తిరిగి చూసి, నడుం ఎత్తు కూడా లేని ఆ బండిని, "దీనికి కిందనుంచి గ్రీజు ఎలా కొడతారు?" అని అడిగారు. మెకానిక్ కుర్రాడు సమాధానం చెప్పలేక నీళ్లు తెచ్చిచ్చాడు.

లోపలికి ఎక్కడం ఉండదు, దిగడమే. పీట మీద కూర్చున్నట్టు ముందు కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి లాక్కోవాలి. స్టార్టు బటన్ మీద ఎర్రటి మూత. యుద్ధవిమానంలో లాగా దాన్ని ఎత్తి నొక్కాలి. నొక్కగానే వీపు వెనక ఏదో నిద్రలేచి గొంతు సవరించుకుంది. నాకు నిజంగా మొదట తోచినది, ఇది నా వెనక ఉంది, నేను దీన్ని చూడలేను అన్న భయం.

కదిలిన పది సెకన్లలోనే పరువు పోయింది. పిట్ నుంచి బయటికి వస్తూ అలవాటుగా ఇండికేటర్ కోసం కుడిచేతి వేళ్లు చాపాను. ఈ కారులో ఇండికేటర్ కాడ లేదు, ఆ మీట స్టీరింగు మీదే ఉంటుంది. నా వేళ్లకు తగిలింది గేరు మార్చే రెక్క. గేరు మారిపోయింది, కారు ఉలిక్కిపడింది. "ఇక్కడ ఇండికేటర్ ఎవరికక్కా?" అన్నాడు శిక్షకుడు. స్టీరింగు మీద ఇంకో మీట ఉంది, స్ట్రాడా, స్పోర్ట్, కోర్సా అని మూడు పద్ధతులు. స్ట్రాడా అంటే ఇటాలియన్‌లో వీధి. మేం వీధిలోనే ఉన్నాం.

వేగం గురించి పెద్దగా రాయడానికి లేదు. నిజం చెప్పాలంటే వేగం చాలా సులువు. కాలు కిందికి నొక్కితే వస్తుంది, అందులో మన ప్రతిభ ఏమీ లేదు. ఇంజను నిమిషానికి ఎనిమిది వేల చుట్ల దాకా పాడుతుంది, మెడ వెనక్కి వాలుతుంది, కడుపులో ఇడ్లీ తన చిరునామా మార్చుకుంటుంది. ఎవరైనా చేయగలరు. కష్టం అంతా ఆ తర్వాత.

రెండో చుట్టులో ప్రధానమైన తిన్నని దారి మీద వస్తున్నాం. దూరంగా కోన్ కనబడింది. నా కాలు దానంతట అది లేచిపోయింది. "ఎందుకక్కా తీశారు?" మలుపు వస్తోందిగా. "రానివ్వండి, కోన్ దాకా తొక్కే ఉంచండి." మరుసటి మలుపు దగ్గర కోన్ దాకా కాలు తీయలేదు. తర్వాత మెల్లగా బ్రేకు మీద కాలు వేసి, కొంచెం కొంచెంగా పెంచుతూ పోయాను, సిగ్నల్ దగ్గర ఆపినట్టు. కుర్రాడు అరిచాడు. "తొక్కండక్కా! ఇంకా గట్టిగా! ఇంకా!" తొక్కుతున్నాను. "అది తొక్కడం కాదక్కా, నిమరడం."

నలభై ఎనిమిదేళ్ల భౌతికశాస్త్రం టీచరుకు ఆ మాట తగిలింది. వచ్చే తిన్నని దారి చివర, కోన్ పక్కకు రాగానే, బొద్దింకను తొక్కినట్టు తొక్కాను.

కారు ముక్కు నేలకు వంగింది. నా ఒంటి బరువంతా బెల్టుకు వేలాడింది. హెల్మెట్ బరువు మెడ ముందుకు లాగింది. ప్రపంచం ఒక్కసారి దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఎంతగా అంటే, మలుపు ఇంకా చాలా దూరంలో ఉంది. నేను దాదాపు నిలబడిపోయాను. "సరిపోయింది, ఇప్పుడు మెల్లగా వదలండి, వదులుతూ తిప్పండి."

ఇక్కడే అసలు పాఠం. నేను చేసేదానికి ఇది పూర్తిగా తలకిందులు. మనం రోడ్డు మీద బ్రేకు మెల్లగా మొదలుపెట్టి చివర్లో బిగిస్తాం. ట్రాక్ మీద మొదటి క్షణంలోనే మొత్తం బలం పెట్టి, వేగం తగ్గే కొద్దీ వదులుతూ రావాలి. కారణం టైరు. టైరుకు ఉండే పట్టు ఒక్కటే మూట. ఆపడానికీ తిరగడానికీ అందులోంచే పంచుకోవాలి. ఆపడానికే అంతా ఖర్చు చేస్తే తిరగడానికి మిగలదు. అందుకని తిన్నగా ఉన్నప్పుడు మొత్తం బ్రేకుకు, స్టీరింగు తిరిగే కొద్దీ బ్రేకు నుంచి కాస్త కాస్త తీసి మలుపుకు. చీటీ లెక్కలాంటిదే. పైగా గట్టిగా తొక్కినప్పుడు బరువు ముందు చక్రాల మీదికి వచ్చి వాటి పట్టు పెరుగుతుంది, తిరగడానికి ఆ చక్రాలే కావాలి. ఒక్కసారి కాలు తీసేస్తే ఆ బరువు వెనక్కి పోతుంది, ముక్కు మాట వినదు. నాలుగో చుట్టులో నాకు జరిగింది అదే. మధ్యలో భయపడి కాలు పూర్తిగా ఎత్తేశాను. కారు తిరగాల్సినంత తిరగలేదు, బయటి అంచు మీద కట్టిన రంగుపట్టీ దాటి ఎడమవైపు రెండు చక్రాలూ మట్టిలో దిగాయి. గడగడమని చప్పుడు, అద్దంలో ధూళి. కుర్రాడి చేయి స్టీరింగు మీద పడింది. "తిప్పకండి, తిన్నగా రానివ్వండి" అన్నాడు, అమ్మవారి గుడిలో పూజారి చెప్పినంత నెమ్మదిగా. కారుకు ఏమీ కాలేదు. ఆఫీసు గదిలో ఉన్న నా చెక్కు మాత్రం కళ్ల ముందు ఒకసారి రెపరెపలాడింది.

ఆ మట్టిలోకి వెళ్లే ముందు నేను చూసినది ఆ మట్టినే అని తర్వాత గుర్తొచ్చింది. చూపు ఎక్కడో బండి అక్కడికే పోతుందని పొద్దున పాఠంలో చెప్పారు, నేను నోట్సులో కింద గీత కూడా గీసుకున్నాను.

మధ్యాహ్నం నీడలో కూర్చుని పెరుగన్నం తింటూ లెక్క వేశాను. మనుషులతో, పెట్రోలుతో కలిపి కారు సుమారు 1,700 కిలోలు అనుకుందాం. 200 కిలోమీటర్ల వేగంలో దాని గతిజ శక్తి 26 లక్షల జౌళ్లు. నాన్న లారీ లోడుతో కలిపి 16 టన్నులు, 60 వేగంలో పోతోందనుకుందాం. 22 లక్షలు. వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలు అవుతుందని ఏటా తొమ్మిదో తరగతికి చెబుతున్నాను. బియ్యం బస్తాల లారీ కంటే ఎక్కువ శక్తి ఉన్నదాన్ని నేను ఉదయం నుంచి ఒక్క కాలితో ఆపుతున్నానని మాత్రం తోచలేదు. నాలాగా నిమిరితే 200 నుంచి ఆగడానికి అర కిలోమీటరు పడుతుంది. కుర్రాడు చెప్పినట్టు తొక్కితే సుమారు 160 మీటర్లు. కాగితం నాన్నకు చూపించాను. ఆయన అంకెలు చూడలేదు. "అర కిలోమీటరు ఉంటే అర కిలోమీటరులోనే ఆపు. లేనప్పుడు కదా ఇది" అన్నారు. వాదనలో ఓడిపోయినవాళ్ల గొంతు కాదది.

రెండో విడత ఎండలో. తారు వేడెక్కి, దూరం నుంచి నీళ్లలా మెరుస్తోంది. టైర్లలో గాలి తగ్గించారు, వేడికి లోపలి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి. ఈసారి మీట స్పోర్ట్ మీదికి తిప్పనిచ్చాడు. శబ్దం ముదిరింది, తోక కాస్త వదులైంది. ఐదు చుట్లలో పన్నెండేసి మలుపులు, అంటే అరవై. వాటిలో నేను అనుకున్నట్టు వచ్చినది ఒక్కటి. మూడో చుట్టులో, తిన్నని దారి చివర. కోన్, దెబ్బ, బెల్టు, వదలడం, తిప్పడం, లోపలి అంచు కోన్‌ను టైరు తాకీ తాకనట్టు పోవడం, మళ్లీ ఆక్సిలరేటర్. ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొచ్చాయి. కుర్రాడు ఏమీ అనలేదు. ఉదయం నుంచి అతను ఏమీ అనకపోవడం అదే మొదటిసారి. ఆ ఆనందంలో మరుసటి మలుపు పూర్తిగా పాడుచేశాను.

చివరి చుట్టు చల్లార్చే చుట్టు. వేగం తగ్గించి, బ్రేకు వీలైనంత ముట్టకుండా, గాలికి చక్రాలు ఆరేలా తిరిగి రావాలి. ఇది నాకు వచ్చిన విద్య. "ఇదొక్కటీ బాగా చేస్తున్నారక్కా" అన్నాడు.

పిట్‌లో ఆపగానే చేయి అలవాటుగా హ్యాండ్‌బ్రేకు కోసం వెళ్లింది. "వద్దు వద్దు" అంటూ కుర్రాడు పట్టుకున్నాడు. ఆ బ్రేకులు కార్బన్ సెరామిక్‌వి, అప్పటికి పొయ్యి మీది పెనంలా ఉన్నాయి. అంత వేడి మీద బిగించి ఉంచితే ప్యాడు డిస్కు మీద ఒకేచోట అదిమి ఉండి పాడవుతుంది. మెకానిక్ పరుగున వచ్చి చక్రం కింద చెక్క పెట్టాడు.

నాన్న అప్పటికే వచ్చి నిలబడ్డారు. వంగి, ముందు చక్రానికి జానెడు దూరంలో అరచేయి వెనకవైపు పెట్టి చూశారు. ఘాట్ దిగాక డ్రమ్ములు చూసే పద్ధతి అది. గాలి పీల్చి, "లైనరు వాసన" అన్నారు. "వేడి డ్రమ్ము మీద హ్యాండ్‌బ్రేకు లాగితే చల్లారాక అతుక్కుపోతుంది. పొద్దున్నే సుత్తితో కొట్టాలి. చెక్కే పెట్టాలి." కుర్రాడు ఆయన వైపు కొత్తగా చూశాడు. తర్వాత వాళ్లిద్దరూ నన్ను మరిచిపోయి అరగంట మాట్లాడుకున్నారు. నేను హెల్మెట్ అప్పగించి, చెక్కు తిరిగి తీసుకుని, జడ వేసుకుని వచ్చేసరికి కుర్రాడు టైరు పక్కన గొంతుకూర్చుని వింటున్నాడు, నాన్న ఏదో ఘాట్ దిగుతున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బూట్లు విప్పేశాను. హైవే మీద సాయంత్రపు లారీలు బారులు తీరి ఉన్నాయి. ముందున్న బండి, దాని ముందున్న బండి. విల్లివాక్కంలో ఇంటి కింద కారు ఆపి, ఇంజను కట్టేసి, హ్యాండ్‌బ్రేకు మీద చేయి వేసి ఒక క్షణం ఆగాను.

"వేసుకోమ్మా" అన్నారు నాన్న సీటుబెల్టు విప్పుకుంటూ. "నీ బండి ఏమీ వేడెక్కలేదు."